క్యాలెండర్ మీద సున్న

పదకొండున్నర దాటింది. హాల్లో లైటు ఆర్పడానికి వెళ్తే మళ్ళీ ఆ క్యాలెండరే ఎదురైంది. సిగరెట్ మానేసి ఎన్ని రోజులైందో పొద్దున బావ రాసుకున్న 17ని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఇంత సున్న. కోపం మీదుంటే అక్క అంకెలు మరీ గుండ్రంగా వేస్తుంది. ఇవాళ్టిది కాంపస్ పెట్టి గీసినట్టుంది.

జరిగింది ఇంతే. సాయంత్రం 6:40కి ఆఫీసు పార్కింగ్‌లో బావ ఒక సిగరెట్ ముట్టించాడు. సగంలో ఆర్పేసి ఇంటికొచ్చి, ఎవరూ అడక్కముందే చెప్పేశాడు. అక్క పల్లెత్తు మాట అనలేదు, నేరుగా క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది. అమ్మేమో "పోన్లేవే, ఒక్కటేగా" అంది. రెండూ నచ్చలేదు కానీ సున్నే ఎక్కువ గుచ్చుకుంది.

అసలా లెక్కే తప్పు. చివరి సిగరెట్ ఆరిన కొన్ని గంటలకే చిరాకు మొదలవుతుంది. నిద్ర పట్టదు, దేనిమీదా మనసు నిలవదు. రెండో రోజు, మూడో రోజు మరీ ఘోరం. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతుంది, ఆకలి మాత్రం ఇంకా చాలాకాలం వదలదు. ఏ సాయమూ లేకుండా మానేసేవాళ్ళలో ఎక్కువమంది మొదటి ఎనిమిది రోజుల్లోనే మళ్ళీ అంటిస్తారు. ఈయన ఆ ఎనిమిదీ దాటి, పైన ఇంకో తొమ్మిది గడిపాడు. సగం సిగరెట్‌తో ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్ సుమారు రెండు గంటలకోసారి సగమవుతుంది, పొగతో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటలకోసారి. రేపు సాయంత్రానికి వాటి జాడ దాదాపు ఉండదు. ఈ పదిహేడు రోజుల్లో సాధించింది మాత్రం సగం సిగరెట్‌తో తుడిచిపెట్టుకుపోదు. మరి సున్న ఎక్కడిది?

మానిపించే పద్ధతుల మీద పరిశోధన చేసేవాళ్ళు వాడే కొలమానం ఒకటుంది, రస్సెల్ స్టాండర్డ్ అంటారు. మానేసిన మొదటి రెండు వారాల్లో జరిగినవి వాళ్ళు పట్టించుకోరు. ఆ తర్వాత ఆర్నెల్లలో మొత్తం ఐదు సిగరెట్లు మించకుండా ఉండి, ఊపిరి పరీక్షలో కూడా కాల్చట్లేదని తేలితే మానేసినట్టే రాసుకుంటారు. అక్క వాళ్ళకంటే స్ట్రిక్టు.

సున్నతో వచ్చే చిక్కు లెక్కతో ఆగితే ఇంత రాత్రి కూర్చుని టైపు చేసేదాన్ని కాదు. వ్రతం చెడ్డా ఫలం దక్కాలంటారు కదా. సిగరెట్ విషయంలో వ్రతం చెడిందన్న తలపే ఫలాన్ని కూడా ఎత్తుకుపోతుంది. "ఎలాగూ పోయింది, ప్యాకెట్ పూర్తిచేసి సోమవారం నుంచి మళ్ళీ మొదలెడదాం" అని లోపలినుంచి ఒక గొంతు వస్తుంది. అమెరికాలో పనిచేసిన అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త ఈ గొంతు గురించే చాలా పని చేశాడు. కాల్చిన దానికంటే, కాల్చాక తనమీద తను ఇచ్చుకునే తీర్పు ప్రమాదమన్నది ఆయన వాదన: "నాకు మనోబలం లేదు" అనుకున్నవాడు మునిగిపోతాడు, "ఆ చోట ఆ టైములో దొరికిపోయాను" అనుకున్నవాడు లేచి నిలబడతాడు. అలాంటి సమయంలో గోడమీద సున్న వేయడమంటే ఆ తీర్పుని ఫ్రేము కట్టించి ఇవ్వడమే.

పోయినసారి సంగతి గుర్తొస్తోంది. అప్పుడు మనోబలం అన్న మాట ఈ ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో! సిగరెట్ బదులు ఆయన నమిలిన నికోటిన్ గమ్‌ని సరిగ్గా వాడుతున్నాడా అని మాత్రం ఎవరూ చూడలేదు. బావ నిద్ర లేచిన పది నిమిషాల్లో మొదటిది ముట్టించే మనిషి. లేచిన అరగంట లోపు కాల్చేవాళ్ళకి 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి, ఆ తర్వాత కాల్చేవాళ్ళకి 2 చాలు. ఈయన 2 తెచ్చుకున్నాడు, "తక్కువైతే మంచిదేగా" అని. సరే, దాన్నైనా సరిగ్గా వాడాడా? మామూలు చూయింగ్ గమ్‌లాగా దవడలు నొప్పెట్టేదాకా టకటకా నమిలాడు. పైగా కాఫీ తాగుతూ.

నికోటిన్ గమ్ నమిలేది తక్కువ, దాచేది ఎక్కువ. మెల్లగా ఓ పది పదిహేనుసార్లు నమిలితే కారంగా, నాలుక చిమచిమలాడినట్టు అవుతుంది. అక్కడ ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. చిమచిమ తగ్గాక మళ్ళీ కాస్త నమిలి ఈసారి రెండో బుగ్గలో పెట్టాలి. ఇలా అరగంట. ఎందుకంటే ఇది నోటిలోపలి పొర గుండా రక్తంలోకి వెళ్ళాల్సిన మందు. గబగబా నమిలితే లాలాజలంతో కడుపులోకి పోతుంది, అక్కడ పనికిరాదు సరికదా ఎక్కిళ్ళు, గుండెమంట, వికారం. కాఫీ, పళ్ళరసం, సోడాల్లాంటివి నోటిని ఆమ్లంగా మారిస్తే ఆ పొర నికోటిన్‌ని సరిగ్గా పీల్చుకోదు. అందుకే గమ్‌కి పావుగంట ముందునుంచీ, గమ్ నోట్లో ఉన్నంతసేపూ నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఒక్క గమ్ మీదే ఆధారపడితే మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకి కనీసం తొమ్మిది పడాలి. ఇరవైనాలుగు దాటకూడదు. బావ రోజుకి నాలుగు వాడాడు. మూడో రోజు ఎక్కిళ్ళతో మీటింగ్‌లోంచి లేచొచ్చి "ఇది నాకు పడదు" అని స్ట్రిప్పు డ్రాయర్లో పడేశాడు. సాయంత్రానికి ప్యాకెట్ జేబులో ఉంది. డోసు సగం, వాడకం సగం, నమలడం తప్పు. నిందంతా మనోబలం మీద.

ఈసారి డాక్టర్ని అడిగి పద్ధతిగా మొదలెట్టాడు. రోజుకి పది దాటి కాల్చేవాళ్ళకి, చర్మం గుండా నికోటిన్ ఎక్కించే 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, తర్వాత 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. పైన అవసరమైనప్పుడు గమ్, ఈసారి 4ది. రెండూ కలిపి వాడితే ఒక్కదానికంటే బాగా పనిచేస్తాయి. ప్యాచ్ పొద్దున్నే పొడి చర్మం మీద, వెంట్రుకలు లేనిచోట అంటించి అరచేత్తో పది సెకన్లు నొక్కాలి. రోజుకో చోట మార్చాలి, లేకపోతే దద్దురు. రాత్రి పీడకలలు వస్తుంటే పడుకునేముందు తీసేయొచ్చు. అలా తీసేసినవాళ్ళకి పొద్దున కొత్తది పనిలోకి దిగేదాకా కొన్ని గంటలు ఖాళీ, ఆ ఖాళీకే గమ్.

ప్యాచ్ ఉన్నా ఇవాళ ఎందుకు లాగింది అని అమ్మ ప్రశ్న. ప్యాచ్ ఒంట్లో నికోటిన్‌ని ఒక కనీస మట్టంలో నిలబెడుతుంది, అంతవరకే. పార్కింగ్, ఆ టైము, పక్కవాడి లైటర్ చప్పుడు, ఇవి ఏళ్ళ తరబడి మెదడు నేర్చుకున్న సైగలు. ఆ సైగకి లేచే కోరిక కొద్ది నిమిషాల్లో తనంతట తనే దిగిపోతుంది, కానీ ఆ నిమిషాలకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇవాళ గమ్ స్ట్రిప్పు ఖాళీ. అసలు కథ అక్కడుంది. క్యాలెండర్ మీద ఏదైనా రాయాలంటే రాయాల్సింది అదీ.

సరే, ఇక్కడిదాకా రాసి పైనుంచి చదువుకుంటే అక్క మీద నా ఫిర్యాదు మరీ ఒంటిచేతి చప్పట్లా ఉంది. "ఒక్కటేగా" అన్న అమ్మ మాట కూడా నిజం కాదు. మానేశాక ఒకటి ముట్టించినవాళ్ళలో ఎక్కువమంది పాత లెక్కకి తిరిగి వెళ్ళిపోతారు. ఒక్క దమ్ము కూడా వద్దని చెప్పేది అందుకే. అక్క భయం గాల్లోంచి పుట్టలేదు, పోయినసారి చూసింది కాబట్టి పుట్టింది.

మానేవాళ్ళ జీవిత భాగస్వాములు ఏం చేస్తున్నారో కొలవడానికి ఇరవై అంశాల ప్రశ్నావళి ఒకటుంది. సగం ఆసరా ఇచ్చేవి: చిరాకులో ఉన్నప్పుడు ఊరడించడం, మానే ప్రయత్నానికి సంతోషపడటం. సగం సతాయింపు: వాసనొస్తోందనడం, మనోబలం లేదనడం. ఆసరా పాళ్ళు ఎక్కువున్న ఇళ్ళలో మానడం నిలిచిందని పరిశోధనల్లో కనబడింది. ఇది చదివినప్పటినుంచీ అక్కకి క్లాసు పీకాలని నా నాలుక దురద. కానీ అదే దారిలో తర్వాత ఏమైందంటే, భాగస్వాములకి శిక్షణ ఇచ్చి, ఇలా మాట్లాడండి అలా మాట్లాడకండి అని నేర్పి చూశారు. అలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే మానేసేవాళ్ళ సంఖ్య పెరగలేదు. కౌన్సెలర్లు వాళ్ళంతట వాళ్ళే పలుమార్లు ఫోన్ చేసి పలకరిస్తే పెరిగింది, మందులతో పెరిగింది. అంటే ఇన్నాళ్ళూ అక్కని మార్చాలనుకున్నది దండగ పనేనేమో. నేర్పిన ఓదార్పు అరువు చొక్కాలాగా ఒంటికి సరిపోదు కాబోలు.

అక్క రోజూ చొక్కా వాసన చూడటం కూడా నాకు ఒళ్ళుమంట. కానీ క్లినిక్కులో చేసేదీ వాసన చూడటమేగా? పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి, గొట్టంలోకి మెల్లగా, ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా ఊదాలి. తెరమీద కార్బన్ మోనాక్సైడ్ అంకె వస్తుంది. మానకముందు రోజు బావకి 24, మూడో రోజున 3. ఆ 3ని ఫోటో తీసుకుని ఎంతమందికి చూపించాడో! పరీక్ష అదే, ఊదింది మాత్రం ఆయన. 40 ఏళ్ళ దగ్గర మానేస్తే సుమారు 9 ఏళ్ళ ఆయుష్షు దక్కుతుందని రిచర్డ్ డాల్ బృందం బ్రిటిష్ డాక్టర్లని 1951 నుంచి యాభై ఏళ్ళు గమనించి 2004లో ప్రకటించింది. అక్క ఆ ముక్క ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించింది కూడా. మంచి మాటే, కానీ 6:40కి పార్కింగ్‌లో తొమ్మిదేళ్ళు చాలా దూరం. మూడు రోజుల్లో 24 నుంచి 3 కళ్ళెదురుగా ఉంటుంది.

ఇంకోటి, మళ్ళీ మర్చిపోతాను. బావ నిద్రలేమి సగం కాఫీ వల్లే. పొగలోని తారు కాలేయంలో కెఫీన్‌ని విరిచే ఎంజైమ్‌ని పరుగులు పెట్టిస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లో ఆ పరుగూ తగ్గుతుంది, అవే నాలుగు కప్పులు ఇప్పుడు ఒంట్లో చాలాసేపు తిష్ఠ వేస్తాయి. అది నికోటిన్ పని కాదు కాబట్టి ప్యాచ్ ఉన్నా ఇంతే. కప్పులు సగం చేయమని మొదటివారమే చెప్పాల్సింది. గుండెదడ, చేతివణుకు అన్నీ సిగరెట్ లేకపోవడం ఖాతాలో రాసుకుంటూ కూర్చున్నాడు పాపం.

ఇందాక అన్నాల దగ్గర బావే నోరు విప్పాడు. "ఆరున్నరకి ఫోన్ చెయ్యి. సిగరెట్ ఊసెత్తకు. నేను బండి తీసేదాకా ఏదో ఒకటి మాట్లాడు, చాలు." అక్క తలెత్తకుండానే "ఏం మాట్లాడాలి?" అంది. "కరెంటు బిల్లు గురించైనా." అక్కకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఇన్నాళ్ళలో ఆయన ఇది కావాలి అని అడగడం ఇదే మొదటిసారి, ఆవిడకి కూడా ఇది చెయ్యి అని ఒకరు చెప్పడం ఇదే మొదటిసారి.

రేపటికి: కొత్త ప్యాచ్ కుడి భుజం మీద, ఇవాళ ఎడమవైపు అయింది కాబట్టి. మధ్యలో ఒకటి కాల్చాడని ప్యాచ్ ఆపక్కర్లేదు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2013లో ఆ మాటే చెప్పింది. గమ్ రెండు స్ట్రిప్పులు, ఒకటి ఆఫీసు బ్యాగులో, ఒకటి చొక్కా జేబులో. బండి డిక్కీలో వద్దు, వేడికి పాడవుతుంది.

రేపటి గడిలో 18 రాయాలా, 1 రాయాలా? అక్క 1 అంటుంది. నేను 18 అంటాను, ఓ గంట క్రితం అయితే ఇంకా గట్టిగా అనేదాన్ని. స్కెచ్‌పెన్ తీసేసి అక్కడ పెన్సిల్ పెట్టొచ్చాను.