ఎనిమిదో నెలలో కాళ్ళు నిద్రపోనివ్వలేదు

నడుం నొప్పి, గుండెల్లో మంట, రాత్రి పదేపదే బాత్రూంకి లేవడం. ఇవన్నీ ఉంటాయని కడుపుతో ఉన్న పిల్లకి ఎవరో ఒకరు ముందే చెబుతారు. కాళ్ళ గురించి మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఏడో నెల దాటాక, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మొదలయ్యేది. అది నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, కండని లోపలినుంచి ఎవరో లాగుతున్నట్టు ఉండేది. కాలు కదిపితే ఆగేది. ఆగింది కదా అని కాలు చాపుకుంటే మళ్ళీ మొదలు. పక్కమీద వాలితే చాలు, లేచి నడవాల్సిందే.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అత్తవారిది పాతకాలపు ఇల్లు. వీధి అరుగు నుంచి పెరట్లో నుయ్యి దాకా గదులన్నీ ఒకే వరస. అర్ధరాత్రి ఆ చివర్నుంచి ఈ చివరికి గోడ పట్టుకుని నడిచేదాన్ని. అడుగుల చప్పుడుకి అత్తయ్య లేచేది. "ఏటమ్మా, మళ్ళీ లెగిసావా? మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే కాళ్ళు పీకీవి. నీళ్ళాడితే పోతాదిలే" అని నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి పిక్కలకి రాసేది. రాసినంతసేపూ ప్రాణం హాయిగా ఉండేది. ఆవిడ చెప్పిందీ నిజమే, చాలామందికి కాన్పయిన కొద్ది వారాల్లోనే పోతుంది. కానీ కాన్పుకి ఇంకా రెండు నెలలుంది. అన్నాళ్ళు నిద్ర లేకుండా ఎలా ఉండడం?

జూన్ నడిమిన రజ పండగొచ్చింది. ఆ మూడు రోజులూ భూదేవి విశ్రాంతి తీసుకుంటుందని ఒడియావాళ్ళ నమ్మకం. ఆడవాళ్ళు రుబ్బరు, పొయ్యి జోలికి పోరు, ఉయ్యాలలూగుతారు. పక్కింటి మావుసీ (పిన్ని) పొడపిఠా అనే పిండివంట తెచ్చిపెట్టి, ఈ మూడు రోజులూ నువ్వు పడుకోవలసిందే అని మధ్యాహ్నమంతా లేవనివ్వలేదు. ఆవిడ ప్రేమకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ రాత్రుళ్ళు కాళ్ళు మరీ ఎక్కువ వేధించాయి. కదలకుండా ఎంతసేపుంటే ఈ బాధ అంత పెరుగుతుందని అప్పుడే గమనించాను. పగటి నిద్ర అరగంటకి మించనివ్వకుండా, సాయంత్రం వీధి చివరిదాకా నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాను.

అంతకు ముందు నెల చెకప్పులో కాళ్ళ సంగతి చెబితే, ఈ నెలల్లో అలాగే ఉంటుందని కార్డు తిరిగి చేతిలో పెట్టేశారు. ఈసారి అలా కాకూడదనుకున్నాను. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఆ రోజుకి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళాను: ఎన్నింటికి మొదలవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, ఎన్నింటికి నిద్రపడుతుంది, ఎన్నిసార్లు లేస్తున్నాను. వరసలో నిలబడలేకపోతుంటే ఆశా దీదీ ఎక్కడినుంచో స్టూలు తెచ్చి కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ కాగితం చదివి అడిగినవి నాలుగే. కదపాలనిపిస్తుందా? ఊరికే ఉంటే ఎక్కువవుతుందా? కదిపితే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రే ఎక్కువా? నాలుగింటికీ అవునన్నాను. "ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ అమ్మా. పిక్క పట్టేయడం వేరు. అదైతే కండ ఉండకట్టి నొప్పి పెట్టి, కాసేపటికి వదిలేస్తుంది" అన్నారు. ఇంటికొచ్చి చదివితే, 1945లోనే ఎక్‌బామ్ అనే స్వీడన్ వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడనీ, ఆఖరి మూడు నెలల్లో ఐదుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి వస్తుందనీ తెలిసింది. ఇంతమందికి వచ్చేదాన్ని ఎవరూ బాధగా లెక్కపెట్టకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడాలని రాసిచ్చారు. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది, గర్భిణికి 11కి తగ్గకూడదు. ఫెర్రిటిన్ 9. అది 30 కన్నా తక్కువుంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. హిమోగ్లోబిన్ వంటింటి డబ్బాలో బియ్యమైతే, ఫెర్రిటిన్ గాదెలో ధాన్యం. డబ్బా సగం కనిపిస్తున్నా నా గాదె ఖాళీ. ఆఖరి నెలల్లో బిడ్డ తనకి కావలసిన ఐరన్ తల్లి నుంచే తీసుకుంటుంది. మెదడులో కబుర్లు మోసే డోపమిన్ అనే రసాయనం సరిగ్గా పనిచేయడానికీ ఐరన్ కావాలి, అది తగ్గితే కాళ్ళలో ఈ అలజడి పెరుగుతుందని డాక్టరమ్మ వివరించారు. ఐరన్ బాగానే ఉన్నవాళ్ళకీ ఇది రావచ్చట. కానీ ముందు చూడాల్సింది మాత్రం అదే.

నెలలు దగ్గరపడుతున్నాయని ఐరన్ సుక్రోజ్ అనే ఐరన్ మందు సెలైన్‌లో ఎక్కించారు. ఆ కొన్నాళ్ళు మాత్ర ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది టీతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిసి లోపలికెళితే ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకని కాల్షియం భోజనాలతో, ఐరన్ రెండు గంటల ఎడంగా నిమ్మరసంతో. పొద్దున్నే టీ లేనిదే కళ్ళు తెరవని ఇల్లు మాది. నా కోసం అత్తయ్య కూడా టీ వేళ మార్చుకుంది.

ఇంకో సంగతి. ఆ మధ్య జలుబు చేస్తే, మందుల షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటే నిద్ర కూడా పడుతుంది కదా అన్నారు ఇంట్లో. డాక్టరమ్మ వద్దన్నారు. నిద్రమత్తు తెచ్చే జలుబు మందులు కొన్ని కాళ్ళ బాధని ఇంకా పెంచుతాయి. కడుపుతో ఉన్నప్పుడు అడగకుండా ఏ మందూ వేసుకోకూడదు, ఈ బాధ ఉన్నవాళ్ళు మరీను.

ఐరన్ ఎక్కిన వెంటనే తగ్గలేదు. రెండు మూడు వారాలకి నెమ్మదించింది, కాన్పుదాకా పూర్తిగా పోలేదు. ఈలోగా రాత్రుళ్ళు గడపాలి కదా. చీకటి పడకముందే అన్నం తినేసేదాన్ని, చోడి (రాగి) అంబలి, తోటకూర పప్పు లాంటివి. మంచం తలవైపు కోళ్ళ కింద మా ఆయన చెరో ఇటుకా పెట్టారు, దాంతో గుండెల్లో మంట బాగా తగ్గింది. నీళ్ళు పగలే ఎక్కువ తాగి, పడుకునే ముందు గుక్కెడే తాగేదాన్ని. నులక మంచం మీద నడుం కుంగిపోతుందని చెక్క మంచం మీద పలచటి పరుపు వేశారు. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య ఒక తలగడ, పొట్ట కింద మడతపెట్టిన నూలు చీర. ఒక పక్కనించి ఇంకో పక్కకి తిరిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి ఒకేసారి తిప్పితే పొత్తికడుపు కింద కలుక్కుమనదు. ఇది ఆశా దీదీ నేర్పింది, నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చింది.

28 వారాల తర్వాత వెల్లకిలా పడుకోవద్దంటారు. ఆ మాట విన్నాక నాకు భయంతోనే నిద్ర పట్టేది కాదు. ఎడమ పక్క మంచిదే, కుడి పక్కైనా ఫరవాలేదు, మెలకువొచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా, పక్కకి తిరిగి మళ్ళీ పడుకోండి, అంతే అని డాక్టరమ్మ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను.

తెల్లవారుజామున లేచి కూర్చుంటే ఆలోచనలు ముసిరేవి. నొప్పులు రాత్రిపూట వస్తే ఎలా, బండి దొరక్కపోతే ఎలా అని. ఒకరోజు పగలే అందరం కూర్చుని తేల్చుకున్నాం. 102 అంబులెన్సుకి ఎవరు ఫోన్ చేయాలి, రక్తం కావలసివస్తే ఎవరొస్తారు, సంచిలో ఏం పెట్టాలి, పాతపట్నంలో మా అమ్మకి కబురెవరు చెప్పాలి. ఆ రాత్రి కాళ్ళు లాగినా మనసు కుదురుగానే ఉంది.

నిద్ర పట్టకపోవడం మామూలే అని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అరచేతులు, అరికాళ్ళు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే అది లివర్‌కి సంబంధించినది కావచ్చు. ఒక్క కాలే వాచి, ఎర్రబడి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం, రక్తం కనబడడం, ఉమ్మనీరు కారడం, వీటిల్లో ఏదున్నా తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి. దిగులుతో ఏ పనీ తోచకపోయినా అదీ డాక్టరుకి చెప్పుకోవలసిందే.

పాప పుట్టింది. మొదటి వారం దాటేసరికి కాళ్ళ బాధ పోయింది. పాలకి లేవడం వేరే సంగతి, వాలితే మళ్ళీ నిద్ర పట్టేది. ఎర్ర మాత్ర కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, ఆ వేళలు అవే కొనసాగిస్తున్నాను. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఇది తిరిగి రావచ్చని డాక్టరమ్మ చెప్పారు. మా ఆడపడుచుకి ఇప్పుడు నాలుగో నెల. ఫెర్రిటిన్ ఇప్పుడే చూపించుకోమని తనకి మొన్ననే ఫోన్ చేసి చెప్పాను.