తాత ‘తీయి’ అన్నారు, మనవడు డిలీట్ చేశాడు

మేము డల్లాస్‌లో స్థిరపడి పన్నెండేళ్లయింది. మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఈ వేసవిలో తిరుపతి వచ్చినప్పుడు, మా నాన్న ముందుగానే నెట్‌లో కొని ఉంచిన 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల ఫైలును కంప్యూటర్‌లో చూపించి, "ఆ టికెట్లు తీయి నాయనా" అన్నారు. ప్రింటు తీయమని ఆయన ఉద్దేశం. 'చొక్కా తీసేయి', 'చెత్త తీసేయి' అనే మా మాటలు వింటూ పెరిగిన మా వాడు ఆ ఫైలును నిక్షేపంగా డిలీట్ చేశాడు. రీసైకిల్ బిన్‌లోంచి నేను దానిని వెనక్కి తెచ్చేవరకు మా అమ్మ గోవింద నామం ఆపలేదు.

వాడిని తప్పుపట్టలేను. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, చొక్కా తీస్తే ఒంటిమీది నుంచి పోతుంది, ఫొటో తీస్తే లేనిది వస్తుంది. ఇన్ని పనులూ ఒక్క క్రియతోనే నడుస్తాయని మేమెన్నడూ వాడికి విడమరచి చెప్పలేదు.

నాన్న ఇంగ్లీషుదీ ఇదే కథ. ఆయనకు ఆన్ చేయడం, ఫైలు తెరవడం, ఖాతాలోకి వెళ్లడం అన్నీ 'ఓపెన్' చేయడమే, ముగించడమంతా 'క్లోజ్'. ఒక రాత్రి మానిటర్ మీట నొక్కి "క్లోజ్ చేసేశాను" అని లేచారు గానీ, బల్ల కింద కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను గిర్రుమంటూనే ఉంది. మా వాడు బల్ల కిందికి దూరి, ఆయన చేతిని ఆ పెట్టె మీద పెట్టించి, క్లోజ్ అనేది తెరమీది కిటికీకి (విండోకి), షట్ డౌన్ యంత్రానికి, లాగ్ అవుట్ ఖాతాకు అని వచ్చీరాని తెలుగులో వివరించాడు. వీటిలో మూడోది నాన్నకు నిజంగా అవసరం, ఎందుకంటే నెట్ సెంటర్‌లో కిటికీ మాత్రమే మూసి వచ్చేస్తే తరువాత కూర్చున్నవారికి మన ఖాతా తెరిచే దొరకవచ్చు.

ప్రోగ్రామ్‌ను పూర్తిగా తొలగించే 'అన్‌ఇన్‌స్టాల్' దగ్గర మాత్రం వాడి తెలుగు చాలలేదు. తెరమీది గుర్తును డిలీట్ చేసినా అసలు ప్రోగ్రామ్ లోపలే ఉంటుందని నేను అందించగానే, చిత్తూరు పల్లెలో వేరుశనగ సేద్యం చూసి పెరిగిన నాన్న అందుకున్నారు: "చెనిక్కాయ చెట్టును పైన కోస్తే కాయలు మట్టిలోనే ఉంటాయి నాయనా, పెరికితేనే వస్తాయి."

మరుసటి సాయంత్రం వాడు తన ట్యాబ్‌లోని పాత ఆట ఒకటి తొలగించి, వరండాలోకి పరుగెత్తి వచ్చాడు. "తాతా, గేమ్ పెరికేశాను!"