కారేచోట కన్నం ఉండదు

శనివారం, బెంగళూరు మారతహళ్ళి.

రాత్రి కంప్యూటర్‌లో రెండర్ (గ్రాఫిక్స్ తయారుచేసే పని) పెట్టి పడుకున్నాను. అయిందో లేదో చూద్దామని పొద్దున ఏడింటికి కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్నా. స్క్రీన్ వైపు చూడకముందే గ్రాఫిక్స్ కార్డ్ వీపు మీద ఏదో మెరిసింది. చింతగింజంత చుక్క. లేత నీలం. మా ఇంట్లో నీలం నీళ్ళు ఉండేది ఒక్కచోటే, ఈ కంప్యూటర్ కడుపులో.

గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. గోడ దగ్గర స్విచ్ కట్టేశాను. రెండర్ సగంలో పోయింది. పోనీ.

చూస్తే రిజర్వాయర్‌లో, అంటే ఆ నీళ్ళు నిలవుండే డబ్బాలో, మట్టం వేలెడు దిగి ఉంది. దిగుతోందని నాకు వారం నుంచీ తెలుసు. ఈమధ్యే కూలెంట్, అంటే ఆ నీలం నీళ్ళు, మార్చాను. కొత్తగా పోసినప్పుడు రేడియేటర్ సందుల్లో ఇరుక్కున్న గాలి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది, ఆ మేరకు మట్టం దిగుతుంది. అది మామూలే. ఆ మామూలునే నమ్ముకుని కూర్చున్నా. గాలయితే నాలుగు రోజుల్లో పోవాలి కదా, ఇంకా ఎందుకు దిగుతోంది అని ఒక్కసారైనా మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు.

అమ్మ ఒంగోలు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. నేను పక్క గాజు ఊడదీస్తుంటే వంటింట్లోంచి వచ్చింది.

"ఏందిరా, కంప్యూటర్లో నీళ్ళు ఒలకబోసుకున్నావా?"

"ఒలకలేదమ్మా, లోపల నీళ్ళు ఉంటాయి. చల్లబడటానికి."

"కారులో మాదిరా?"

కారులో మాదిరే. పంపు, రేడియేటర్, ట్యూబులు అన్నీ ఉన్నాయి. ఆఫీసులో ఎంతమందికి చెప్పినా ఇంత తేలిగ్గా అర్థం కాలేదు. బెంగళూరు చలికి కంప్యూటర్‌కి నీళ్ళెందుకని నవ్వుతారు. నా బాధ వేడి ఒక్కటే కాదు, చప్పుడు. పదడుగుల గదిలో రాత్రంతా రెండర్ నడిస్తే పాత ఫ్యాన్లు మిక్సీ పట్టినట్టు మొత్తుకునేవి.

"మరి కుళాయి నీళ్ళు పోస్తే సరిపోదా" అంది. మా ఫ్లాట్ కుళాయి మూతికి పట్టిన తెల్ల గార చూపించాను. బోరు నీళ్ళు పోస్తే ఆ గారంతా బ్లాకు (చిప్పు మీద కూర్చుని వేడి లాగే లోహపు దిమ్మ) లోపలి వెంట్రుకంత సందుల్లో పేరుకుంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్. ఈ నీళ్ళ లూప్ నేను కట్టింది 2024 మార్చిలో, ఊళ్ళో ట్యాంకర్ల కోసం కొట్టుకుంటున్న రోజుల్లో. తాగేనీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న నెలలోనే నేను లీటరు నీళ్ళు కొనుక్కొచ్చి కంప్యూటర్‌కి తాగించాను. ఇది మాత్రం అమ్మకు చెప్పలేదు.

మొదట చుక్క పడిన చోటికి పక్కనే ఉన్న ఫిట్టింగ్ మీద పడ్డాను. గట్టిగా బిగించి, అంతా తుడిచి, ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి బోర్డుకీ కార్డుకీ వెళ్ళే కేబుళ్ళన్నీ పీకేశాను. ఇరవైనాలుగు పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుకీ పక్కనున్న నల్ల వైరుకీ మధ్య వంచిన జెమ్ క్లిప్ పెడితే ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కటే లేస్తుంది, పంపు మాత్రమే తిరుగుతుంది. మిగతావాటికి కరెంటు ఉండదు కాబట్టి తడిసినా వెంటనే కాలిపోయే భయం లేదు. ప్రతి జాయింటు కిందా ఒక టిష్యూ. మొత్తం ఎనిమిది.

ఇరవై నిమిషాలకు అదే చోట ఇంకో చుక్క. ఫిట్టింగ్ మాత్రం ఎండినట్టే ఉంది. మళ్ళీ బిగించాను. మళ్ళీ చుక్క.

అమ్మ కాసేపు చూసింది. "కారేచోట కన్నం ఉండదురా" అంది. వాళ్ళ నాన్నగారిది పెంకుటిల్లు. వానాకాలం రాత్రుళ్ళు చుక్క పడినచోటల్లా గిన్నెలు పెట్టేవాళ్ళట. తెల్లారాక తాతయ్య పైకెక్కి, చుక్క పడిన చోటికి సరిగ్గా పైన ఉన్న పెంకు ముట్టుకునేవాడే కాదట. వాసం పట్టుకుని తడి ఎక్కడిదాకా పోయిందో చూసుకుంటూ పోయేవాడట, ఒక్కోసారి మూడు బారల అవతల దొరికేదట పగిలిన పెంకు.

చెబుతూనే ట్యూబు అడుగున వేలు పెట్టి పైకి రాసుకుంటూ పోయింది. కార్డ్ దగ్గర మొదలెట్టి, వంపు దాటి, ప్రాసెసర్ బ్లాక్ దాకా. వేలు తిప్పి చూపించింది. నీలం.

నీళ్ళు అక్కడ పైన పుట్టి, ట్యూబు అడుగు పట్టుకుని జారి, అన్నిటికంటే కిందికి ఉన్న చోట చుక్క కడుతున్నాయి. నేను అరగంటగా బిగిస్తున్నది ఏ పాపం ఎరగని ఫిట్టింగ్‌ని.

లోపలి నీళ్ళు దించుదామని వంటింట్లోంచి స్టీలు గిన్నె తెచ్చాను. అమ్మ లాక్కుంది. ఆమెదే కరెక్టు, కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది, తిండి గిన్నెల జోలికి పోకూడదు. పాత పెయింటు డబ్బాలోకి దించాను. బ్లాక్ మీది ఫిట్టింగ్ విప్పితే దాని ఓ-రింగ్ ఒకవైపు గుండ్రంగా ఉంది, రెండోవైపు నొక్కిన జీడిపప్పులా పలకబారింది, అంచున గోటి గాటంత చీలిక. తప్పు రబ్బరుది కాదు. కిందటిసారి ట్యూబు అర అంగుళం పొట్టిగా కోశాను. అందుతోంది కదా అని లాగి తగిలించాను. అది రోజూ పక్కకి గుంజుతూనే ఉంది.

"గ్యాస్ సిలిండర్ వాషర్ లాంటిదేగా" అంది అమ్మ. నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి, కేఆర్ మార్కెట్‌లో దిగాను. కంప్యూటర్ సామాన్ల కొట్లుండే ఎస్‌పీ రోడ్డులో అడిగితే రింగులు విడిగా ఉండవు, ఫిట్టింగే కొనండి అన్నారు. టౌన్ హాల్ వైపు నడిచి జేసీ రోడ్డులో బండి స్పేర్ పార్టుల కొట్లలో దూరాను. మూడో కొట్టాయన కోలార్ తెలుగు.

"ఏ బండికి సార్?"

"కంప్యూటర్‌కి."

పాత రింగు తీసుకుని వెర్నియర్‌తో కొలిచి, నన్ను ఇంకోసారి చూసి, "ఎన్ని కావల్ల?" అన్నాడు. పది తీసుకున్నా. వంద ఇస్తే చిల్లర వచ్చింది.

సాయంత్రం గ్రాఫిక్స్ కార్డ్ బయటికి తీసి బ్యాక్‌ప్లేట్ విప్పాను. నీలం గీత అంచుదాకా పాకి ఆగిపోయింది, లోపలి బోర్డు పొడిగానే ఉంది. అయినా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టాను. కొత్త నీళ్ళనీ కొన్నాళ్ళు లోహాల మధ్య తిరిగిన నీళ్ళనీ ఒకే లెక్కన చూడకూడదు. రెండోవి కరెంటుకి దారి ఇస్తాయి. కార్డ్ బ్లాకుని దాటవేసి, ట్యూబు ఈసారి పొడుగ్గా కోసి, రింగు వేసి, చేత్తో బిగిసినంతే బిగించాను. స్పానర్ దూరంగా పెట్టేశా. మళ్ళీ నీలం పోసి, టిష్యూలు మార్చి, జెమ్ క్లిప్ పెట్టి పంపు వదిలాను. రేపు కార్డ్ కలిపాక ఇదంతా మళ్ళీ చేయాలి. ఈ టిష్యూలని ముట్టుకోవద్దని అమ్మకు మరీ మరీ చెప్పాను, లెక్కపెట్టి పెట్టానని కూడా.

పొయ్యి మీద పాలు పెట్టినట్టు ఇద్దరం కాసేపు దాని ముందే కూర్చున్నాం.

పదిన్నరకు పడుకోబోతూ టార్చి వేసి చూశాను. మూడో టిష్యూ తడిసి ముద్దగా ఉంది. కాళ్ళు ఆడలేదు. తీసి వెలుతురులో పెట్టి చూస్తే ఎక్కడా నీలం లేదు.

"అదా" అంది అమ్మ మంచం మీంచి. "గిన్నెలు కడిగొచ్చి చేతులు తుడుచుకున్నాలే. పారేస్తే నీ లెక్క తప్పుతుందని మళ్ళీ అక్కడే పెట్టా."