పది నలభై రెండా, పది ఇరవై నాలుగా

రాత్రి 11:50. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు.

పెళ్ళి కార్డులు కంపోజ్ చేయడం నా పని. ఇవాళ్టిది పరకాల వాళ్ళ కార్డు, పేర్ల వరస నాలుగుసార్లు మార్పించినవాళ్ళది. ముహూర్తం ఉ. 10 గం. 42 ని.లకు. దాన్ని సాయంత్రం నేను 10 గం. 24 ని. అని కొట్టేశాను. వాళ్ళు చెప్పగానే, వంట అయ్యాక తొమ్మిదింటికి కూర్చుని సరిచేసి పంపాను. పంపాననే అనుకున్నాను. పది దాటాక పెళ్ళికొడుకు మేనమామ ఫోను: "అమ్మా, ముహూర్తం గట్లనే ఉన్నది గదా?"

ఫోల్డర్ తెరిస్తే తప్పుల ఫైలు పైన, సరిచేసింది కింద. కొత్తది పైన ఉండేలా పెట్టుకోవడం నా అలవాటు. పైనున్నది కళ్ళు మూసుకుని పంపేస్తాను, ఇన్నేళ్ళుగా అంతే. ఇవాళేమో సాయంత్రం 5:10కి చేసిన తప్పుల ఫైలు మీద 5:10 అనే ఉంది, రాత్రి తొమ్మిదింటికి చేసినదాని మీద 3:30 అని ఉంది. తెర మూలన గడియారం చూస్తే సాయంత్రం 4:40. గోడ గడియారంలో 10:10.

అప్పుడు వెలిగింది, ఇది మా మరిది పెన్‌డ్రైవ్ మహిమ అని.

సంగతి ఇది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి కంపెనీ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది, ఇక బ్యాంకు పనులకు దాన్ని నమ్మలేను. ప్రాసెసర్ ఏడో తరంది కాబట్టి విండోస్ 11 నన్ను గడప దాటనివ్వదు. పోనీ విండోస్ వదిలేద్దామా అంటే నా కూడు తెలుగు టైపుకు అను ఫాంట్లు, పేజీ పేర్చడానికి పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001ది. నవ్వకండి, హనుమకొండలో సగం పెళ్ళి కార్డులు ఇంకా అందులోంచే పుడుతున్నాయి. కాబట్టి కార్డులకు విండోస్ ఉండాలి, బ్యాంకుకూ మెయిల్‌కూ ఉబుంటు (విండోస్ లాంటిదే, లైనక్స్‌లో ఒక ఉచిత రకం) కావాలి. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలు, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడం. దీన్నే డ్యుయల్ బూట్ అంటారు.

"డ్యుయల్ బూట్ పెట్టెయ్ వదినా, అరగంట పని," అన్నాడు హైదరాబాద్ నుంచి మరిది. ఈ అరగంట అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు అన్నీ అరగంట పనులే. మరి ఆ అరగంటలో ఇది చెప్పడానికి అర నిమిషం దొరకలేదా: మదర్‌బోర్డులో బ్యాటరీ మీద నడిచే గడియారాన్ని విండోస్ మన ఊరి టైముగా చదువుతుంది, లైనక్స్ గ్రీనిచ్ టైముగా చదువుతుంది. రెండింటికీ తేడా ఐదున్నర గంటలు. ఎనిమిదింటికి పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే ఉబుంటు నడిపి చూశాను. వైఫై తగలగానే అది టైము తెచ్చుకుని, తన లెక్కలో బోర్డు గడియారాన్ని దిద్దిపోయింది. తర్వాత విండోస్ లేచి అదే నిజమనుకుంది. లైనక్స్‌లో ఒక కమాండ్ కొడితే అదీ మన టైమే వాడుతుందట. ఇది మరిది చెప్పింది ఫోనులో, రాత్రి పదిన్నరకు, నేను గొంతు పెంచాక.

అసలు డ్యుయల్ బూట్‌కు డిస్కును ముక్కలు చేయాలి. ఆ పార్టిషన్ అంటేనే నాకు గుండె దడ. 2008లో, డిగ్రీ రెండో ఏడాదిలో, ఉబుంటు 8.04 సీడీ పోస్టులో తెప్పించుకున్నాను. అప్పట్లో అడిగితే ఫ్రీగా పంపేవాళ్ళు. మా నెట్‌లో 700 ఎంబీ దింపాలంటే వారం పట్టేది. విదేశాల నుంచి బిడ్డ పేరు మీద కవరొచ్చిందని బాపు కిషన్‌పురా వీధంతా తిరిగి చూపించాడు. అది చింపకుండా బ్లేడుతో అంచు కోసి సీడీ తీశాడు, కవరు బీరువాలో భూమి కాగితాల మీద పెట్టాడు. ఆ రాత్రే నేను డిస్కు మొత్తం వాడుకొమ్మనే ఆప్షన్ నొక్కాను. మొత్తం అంటే ఖాళీగా ఉన్నదంతా అనుకున్నాను. పొద్దుటికి ఆరెంజ్ రంగు తెర, కొత్త డోలు చప్పుడు. అక్క నిశ్చితార్థం ఫోటోలు లేవు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. బాపు మాత్రం, "ఫోటోలు పోతే పోయినయ్, పిల్లైతే ఉన్నది గదా," అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

అందుకే ముందు వర్చువల్ బాక్స్ అనుకున్నాను. విండోస్ లోపలే ఒక కిటికీలో ఉబుంటు, ఎక్కడా గెట్టు గీసే పని లేదు. కానీ ఉన్నదే 8 జీబీ ర్యామ్, అందులో నాలుగు దానికిస్తే రెండూ ఆయాసపడ్డాయి. పైగా కింద నడిచేది ఆ పాత విండోసే కదా. కింది ఇంటికి తలుపు లేకపోతే పై గదికి తాళమేసి ఏం లాభం? తిరగేసి, కింద ఉబుంటు పెట్టి, నెట్ తీసేసిన విండోస్‌ను కిటికీలో కూర్చోబెడదామనీ చూశాను. కార్డుల పని రోజంతా ఆ ఇరుకులోనా? అమ్మో.

సరే, మరిది అన్నట్టు గెట్టే గీద్దామని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. సీ డ్రైవ్‌లో 90 జీబీ ఖాళీ. అది వదులుతానన్నది 11. మధ్యలో కదలని ఫైళ్ళేవో ఉన్నాయట, వాటిని దాటి జరగదట. మా పెద్దనాన్న పొలం దగ్గర వేప చెట్టు పంచాయితీ గుర్తొచ్చింది. దాన్నీ ఎవరూ కదపలేదు.

ఇందాక ఇది రాస్తూ రాస్తూనే ఇంకోటి తట్టింది. ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసేసిన ఖానా ఖాళీగానే ఉంది. చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి కొని ఉబుంటును అందులో పెడితే? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్కును ఊడదీసి పక్కన పెడతాను, మొత్తం వాడుకొమ్మన్నా అక్కడ పోయేదేమీ ఉండదు. చౌరస్తాలో రేపు అడగాలి. మా ఆయన ఇంకో ఖర్చా అంటాడు. అనని. గడియారం పంచాయితీ మాత్రం అప్పుడూ ఉంటుంది, ఆ కమాండ్ కాగితం మీద రాసి మూతకు అతికించాలి.

విండోస్‌లో టైము సరిచేశాను. సరైన ఫైలుకు చివర 1042 అని పేరు తగిలించి మళ్ళీ పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. మేనమామ కూడా మేలుకొనే ఉన్నాడు.

మరిది మెసేజ్ పెట్టాడు: "అయిపోయిందా వదినా?" పొద్దున చూస్తాను.