విద్యుద్విశ్లేషణ: పట్టికలు బట్టీ పట్టకుండా చదివిన తీరు

పోటీ పరీక్షల్లో అడిగే పాఠశాల స్థాయి రసాయన శాస్త్రంలో విద్యుద్విశ్లేషణ, అంటే విద్యుత్తుతో పదార్థాలను విడగొట్టడం, నిడివికి చిన్న అధ్యాయమే అయినా, ప్రశ్న ఏ రూపంలో వస్తుందో ముందుగా ఊహించడం కష్టం. చాలామంది అభ్యర్థులు ఏ ద్రావణంలో విద్యుత్తును పంపే రెండు కడ్డీలలో (ఎలక్ట్రోడ్లలో) కాథోడ్ వద్ద ఏది వస్తుంది, ఆనోడ్ వద్ద ఏది వస్తుంది అనే పట్టికను కంఠస్థం చేస్తారు. ప్రశ్నలో కార్బన్ ఎలక్ట్రోడ్లకు బదులు రాగి ఎలక్ట్రోడ్లు అని ఒక్క మాట మారితే ఆ పట్టిక అక్కరకు రాదు. అందుకే నేను ఈ అధ్యాయాన్ని ఒకే ఒక ప్రశ్న చుట్టూ చదివాను: ఈ పాత్రలో ఎలక్ట్రాన్లను సులభంగా తీసుకోగలిగేది ఏది, సులభంగా ఇవ్వగలిగేది ఏది? దీనికి జవాబు చెప్పగలిగితే పట్టికలోని వరుసలన్నీ మనమే రాసుకోగలం.

ముందుగా పునాది గట్టిగా ఉండాలి. ఘన స్థితిలో ఉన్న ఉప్పులో అయాన్లు ఉన్నా అవి స్ఫటికంలో తమ స్థానాలు వదిలి కదలలేవు కాబట్టి విద్యుత్తు ప్రవహించదు; అదే ఉప్పును వేడితో కరిగించి గలన స్థితికి తెచ్చినా, నీటిలో కరిగించినా అయాన్లకు కదిలే స్వేచ్ఛ వస్తుంది. చక్కెర నీటిలో చక్కగా కరిగినా అయాన్లుగా విడిపోదు కనుక అది విద్యుద్విశ్లేష్యం (అయాన్ల ద్వారా విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థం) కాదు. తీగలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు, ద్రావణంలో మోసేవి అయాన్లు. ఈ రెండూ కలిసే చోటు, అంటే ఎలక్ట్రోడ్ ఉపరితలం, రసాయన చర్య జరిగే చోటు. ఆనోడ్ వద్ద ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లను ఇవ్వడం), కాథోడ్ వద్ద క్షయకరణం (ఎలక్ట్రాన్లను తీసుకోవడం) జరుగుతాయన్నది ఘటం ఏదైనా మారని సూత్రం. మారేది గుర్తు మాత్రమే: విద్యుద్విశ్లేషణ ఘటంలో ఆనోడ్ ధనాత్మకం, బ్యాటరీగా పనిచేసే ఘటంలో ఆనోడ్ రుణాత్మకం. అందుచేత గుర్తును బట్టి కాక చర్యను బట్టి ఎలక్ట్రోడ్‌ను గుర్తుపట్టమని తోటి అభ్యర్థులకు గట్టిగా చెబుతాను. ఏకాంతర విద్యుత్తును కాక ఏకముఖ విద్యుత్తునే ఎందుకు వాడతారన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. దిశ క్షణక్షణం మారుతుంటే ఏ ఎలక్ట్రోడూ స్థిరంగా ఆనోడ్‌గానో కాథోడ్‌గానో ఉండదు.

సోడియం క్లోరైడ్ విషయంలో స్థితి మారితే ఫలితం ఎలా మారుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. గలన స్థితిలో ఉన్నవి సోడియం, క్లోరైడ్ అయాన్లు మాత్రమే కాబట్టి కాథోడ్ వద్ద సోడియం లోహం, ఆనోడ్ వద్ద క్లోరిన్ తప్ప వేరే దారి లేదు. అదే ఉప్పు గాఢ జలద్రావణమైతే పోటీలోకి నీరు కూడా వస్తుంది. సోడియం అయాన్ కంటే నీరు సులభంగా క్షయకరణం చెందుతుంది కనుక కాథోడ్ వద్ద హైడ్రోజన్ వెలువడి, అక్కడ హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. కాథోడ్ దగ్గర ముందే ఒక చుక్క ఫినాఫ్తలీన్ (క్షారాన్ని గుర్తించే సూచిక) వేసి ఉంచితే ఆ ప్రాంతం మాత్రమే గులాబీ రంగుకు తిరగడం కనిపిస్తుంది. ఆనోడ్ వైపు తడి నీలి లిట్మస్ కాగితం ముందు ఎర్రబడి, తర్వాత రంగు కోల్పోయి తెల్లగా అవుతుంది. ద్రావణం బాగా విలీనమైతే (పలుచనైతే) ఆనోడ్ వద్ద క్లోరిన్‌తో పాటు ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. కాబట్టి ప్రశ్నలో గాఢ, విలీన, గలన అనే విశేషణాలు కనిపిస్తే వాటి కింద గీత గీయడం నాకు అలవాటైంది.

నా దృష్టిలో ఈ అధ్యాయానికి గుండెకాయ కాపర్ సల్ఫేట్ ద్రావణం. కార్బన్ ఎలక్ట్రోడ్లతో మొదలుపెట్టండి. కాపర్ అయాన్లు హైడ్రోజన్ అయాన్ల కంటే సులభంగా ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి కాబట్టి కాథోడ్‌పై ఎర్రటి రాగి పొర పేరుకుంటుంది. ఆనోడ్ వద్ద సల్ఫేట్ అయాన్ మీద ఆశ పెట్టుకోనవసరం లేదు. అందులోని సల్ఫర్ ఇప్పటికే తన గరిష్ఠ ఆక్సీకరణ స్థితిలో ఉంది. అక్కడ నీరే ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆక్సిజన్ బుడగలుగా వెలువడుతుంది. కాపర్ అయాన్లు తగ్గేకొద్దీ నీలి రంగు పలచబడుతుంది, ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం మిగులుతుంది. ఇప్పుడు ఎలక్ట్రోడ్లను మాత్రమే రాగివిగా మార్చండి. నీటి కంటే ముందుగా ఆనోడ్‌లోని రాగే ఎలక్ట్రాన్లను వదిలి అయాన్‌గా ద్రావణంలోకి దిగుతుంది. ఆక్సిజన్ రాదు, నీలి రంగు తగ్గదు, ఆనోడ్ ఎంత బరువు కోల్పోతే కాథోడ్ అంత బరువు పెరుగుతుంది.

ఈ రెండో అమరికే పరిశ్రమలో రాగి శుద్ధికి ఆధారం. మలిన రాగిని ఆనోడ్‌గా, పలుచని శుద్ధ రాగి పలకను కాథోడ్‌గా, ఆమ్లీకృత కాపర్ సల్ఫేట్‌ను విద్యుద్విశ్లేష్యంగా తీసుకుంటారు. మలినాల్లో జింక్, ఇనుము లాంటి చురుకైన లోహాలు కరిగి ద్రావణంలోనే ఉండిపోతాయి. వెండి, బంగారం కరగకుండా ఆనోడ్ కింద మడ్డిగా పేరుకుంటాయి. ఎలక్ట్రాన్లను ఇచ్చే తేలికను బట్టి లోహాలు ఇలా మూడు దారుల్లో విడిపోవడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

లెక్కలకు భయపడే వారికి ఒక మాట. 1830లలో మైఖేల్ ఫారడే స్థాపించిన నియమాలకు సారం ఎలక్ట్రాన్ల లెక్కే. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం సుమారు 96,500 కూలుంబులు అని గుర్తుంటే మిగతాదంతా గుణకారాలు, భాగహారాలే. ఉదాహరణకు, 2 ఆంపియర్ల విద్యుత్తును 16 నిమిషాల 5 సెకన్ల పాటు పంపామనుకుందాం. కాలం 965 సెకన్లు, ఆవేశం 1930 కూలుంబులు, అంటే 0.02 మోల్ ఎలక్ట్రాన్లు. ఒక్కో కాపర్ అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి 0.01 మోల్, అంటే 0.635 గ్రాముల రాగి నిక్షిప్తమవుతుంది. ఇదే విద్యుత్తు శ్రేణిలో ఉన్న సిల్వర్ నైట్రేట్ ఘటం గుండా కూడా వెళ్తే, వెండికి ఒక్క ఎలక్ట్రాన్ చాలు కనుక 2.16 గ్రాముల వెండి వస్తుంది. శ్రేణిలో కలిపిన ఘటాల ప్రశ్నను ఫార్ములాలో సంఖ్యలు పెట్టి కాక ఇలా ఎలక్ట్రాన్ల మోల్‌లతో చేస్తే తప్పు దొర్లే అవకాశం బాగా తగ్గుతుంది.

ఉపయోగాలను విడిగా జాబితాలా చదవవద్దు. ప్రతిదాని వెనుక కారణాన్ని పట్టుకోండి. పొటాషియం, సోడియం లాంటి లోహాలను రసాయన క్షయకరణులతో వేరుచేయడం దుస్సాధ్యమైన రోజుల్లో, 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతోనే వాటిని మొదటిసారి వేరుచేశాడు. అల్యూమినియం తయారీకి వాడే అల్యూమినా 2000 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగదు. దాన్ని కరిగిన క్రయొలైట్ అనే ఖనిజంలో కలిపితే సుమారు 950 డిగ్రీల వద్దే విద్యుద్విశ్లేషణ సాధ్యమవుతుంది. 1886లో చార్లెస్ హాల్, పాల్ హెరౌ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ పద్ధతిని కనుగొన్నారు. అక్కడ వెలువడే ఆక్సిజన్ కార్బన్ ఆనోడ్‌తో చర్య పొందడం వల్ల ఆనోడ్లు అరిగిపోతుంటాయి, వాటిని తరచూ మార్చాల్సి వస్తుంది; ఇది పరీక్షల్లో బాగా అడిగే అంశం. విద్యుత్ లేపనంలో పూత కావలసిన వస్తువు కాథోడ్, పూత పూసే లోహం ఆనోడ్. అయాన్లు ఎటు కదులుతాయో తెలిసిన వారికి ఇది వేరుగా గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ తయారీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పొరను ఎందుకు ఉంచుతారో కూడా చూసుకోండి: అది లేకపోతే క్లోరిన్, సోడియం హైడ్రాక్సైడ్ కలిసి చర్య జరుపుతాయి.

సాధనకు నేను పాటించిన పద్ధతి, ఒక ప్రశ్నను చేశాక అందులో ఒక్క షరతును మార్చి మళ్లీ చేయడం. ప్లాటినం ఎలక్ట్రోడ్లతో సిల్వర్ నైట్రేట్ ద్రావణం తీసుకుంటే కాథోడ్‌పై వెండి, ఆనోడ్ వద్ద ఆక్సిజన్ వస్తాయి, ద్రావణం క్రమంగా నైట్రిక్ ఆమ్లంగా మారుతుంది. ఎలక్ట్రోడ్లను వెండివిగా మార్చి రాయండి. తర్వాత సిల్వర్ నైట్రేట్ స్థానంలో పొటాషియం నైట్రేట్ పెట్టి, ఎలక్ట్రోడ్లను మళ్లీ ప్లాటినంవే ఉంచి, ఈసారి రెండు చోట్లా నీరే ఎందుకు చర్యలో పాల్గొంటుందో, వెలువడే వాయువుల ఘనపరిమాణాలు 2:1 నిష్పత్తిలో ఎందుకుంటాయో పూర్తి వాక్యాల్లో వివరించండి.