చింతపండు లెక్క డ్రమ్ములో పనికిరాలేదు

మొదటి విడత .308 కేసులు, అంటే ఆ సైజు రైఫిల్ తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు, శుభ్రం చేసే డ్రమ్ములోంచి తీసి చూస్తే గుండె జారిపోయింది. పసుపుపచ్చగా మెరవాల్సిన ఇత్తడి రాగి చెంబులా ఎర్రబారి ఉంది.

మేం టెక్సస్‌లో ఉంటాం. తుపాకీ కాల్చే రేంజిలో పడిన ఖాళీ కేసులు ఏరి తెచ్చుకుని, కొత్త ప్రైమరు (నిప్పు పుట్టించే చిన్న మూత), తుపాకి మందు, బుల్లెట్ పెట్టి మళ్ళీ వాడుకోవడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. అప్పటిదాకా వాల్‌నట్ పొట్టు పోసిన పొడి టంబ్లర్‌లోనే (కేసుల్ని కదిలిస్తూ తోమే యంత్రం) శుభ్రం చేసేవాణ్ణి. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, అది దుమ్ముతో కలిసి లేస్తుంది. మా పాప సైకిలు పెట్టుకునేది కూడా ఆ గరాజులోనే. అందుకే నీళ్ళ టంబ్లర్‌కి మారాను.

నా డ్రమ్ము 15 పౌన్లు మోస్తుంది. 5 పౌన్లు సన్నటి స్టీలు పిన్నులు, 2 పౌన్ల ఇత్తడి అంటే ఎనభై దాకా .308 కేసులు, మిగతాది గ్యాలన్ నీళ్ళు. పాత ప్రైమర్లు ముందే డీక్యాపింగ్ డైతో (వాటిని బయటికి తోసే పనిముట్టు) తీసేయాలి, లేకపోతే ప్రైమరు కూర్చునే గుంట శుభ్రపడదు. నాలుగు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు, కాస్త నిమ్మ ఉప్పు. ఆ 'కాస్త' దగ్గరే తప్పు చేశాను.

పండగ ముందు అమ్మ పూజ సామాన్లు చింతపండుతో తోమడం చిన్నప్పటినుంచీ చూశాను. పులుపు ఎంత పడితే అంత మెరుపు అనే లెక్క మనసులో ఉండిపోయింది. రెండు చెంచాలు వేసి మూడు గంటలు తిప్పాను. అమ్మ పులుసు రాసి, రుద్ది, వెంటనే కడిగేసేది. నేను మూడు గంటలు నానబెట్టాను. కేసుల ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పులుపు ఎక్కువైతే పైపొరలో జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. ఆ రంగు పైపైదే అని చాలామంది అంటారు. కానీ .308లో కాల్చినప్పుడు ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌన్ల దాకా వెళ్తుంది, అది పేలేది నా చెంప పక్కనే. ఆ ఎనభై కేసులూ తుక్కు డబ్బాలో వేశాను.

రెండోసారి పావు టీస్పూను మాత్రమే వేశాను. నీళ్ళు తారులా నల్లగా వచ్చాయి, లోపల కేసులు కొత్తవాటిలా ఉన్నాయి. ప్రైమరు గుంటలో కూడా మసి లేదు. పొడి టంబ్లర్ ఎన్ని గంటలు తిరిగినా ఆ గుంట అలా రాలేదు. గ్లవుజులు వేసుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. నల్ల నీళ్ళు పెరట్లో కూర మడుల వైపు మాత్రం పోనివ్వలేదు.

అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాత. ప్రతి కేసునూ బోర్లించి తట్టి, వెలుతురుకి పెట్టి లోపలికి చూశాను. రాలిన పిన్నుల్ని అయస్కాంతంతో ఏరాను. ఒక కేసులో రెండు పిన్నులు అడుగు రంధ్రంలో జంటగా ఇరుక్కుని ఉన్నాయి, సూదితో తోస్తే గానీ రాలేదు. చూడకుండా నింపి ఉంటే ప్రైమరు మంట సరిగ్గా మందుకి అందేది కాదు.

ఆరబెట్టడానికి వంటింటి ఓవెన్ వాడలేదు, సీసం తగిలిన సామాను అన్నం వండుకునే చోటికి తేవడం నాకిష్టం లేదు. ఇందుకోసమే ఒక డీహైడ్రేటరు కొని గరాజులో పెట్టాను. రెండు గంటలు ఆరాక కూడా ఒక రాత్రి వదిలేస్తాను. తడి మందుకి తగిలితే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు, అది తెలియక ఇంకోటి కాలిస్తే తుపాకీయే పగిలిపోతుంది.

ఇంకొకటి నింపేటప్పుడు తెలిసింది. బుల్లెట్ కూర్చునే కేసు మెడ లోపలి మసి మొత్తం పోవడంతో బుల్లెట్ దిగేటప్పుడు, దాన్ని నొక్కి దించే ప్రెస్ పిడి పట్టిపట్టి కదిలింది, ఒక్కో బుల్లెట్‌కి ఒక్కో బలం కావాల్సొచ్చింది. ఇప్పుడు కేసు మెడని గ్రాఫైట్ పొడిలో ఒకసారి ముంచి, దులిపి, ఆ తర్వాతే బుల్లెట్ పెడుతున్నాను.