పప్పు ఏరిన చెయ్యి

దుబాయ్‌లో నా ఉద్యోగం నిలబెట్టింది జీడిపప్పు.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. ఇంటర్ తప్పాక పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో నాలుగేళ్లు గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేశాను. అక్కడ పప్పుకి నంబర్లే పేర్లు. పౌండుకి, అంటే అర కిలోకి కాస్త తక్కువ తూకానికి, 240 లోపు గుండ్లు తూగితే పెద్ద రకం, 320 లోపు తూగితే మామూలు రకం. కొన్నాళ్లకి తూకంతో పనుండదు, వేళ్లకే తెలిసిపోతుంది. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, మాడు మచ్చ ఉన్నదీ పురుగు తొలిచినదీ ఇంకో పక్కకి. మాట్లాడుతూనే ఏరేవాళ్లం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. వెలుగొచ్చాక తోటలోకి వెళితే, ఎకరంన్నరలో నిలబడి ఉన్న జీడిచెట్లు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలాయి. మళ్లీ మొక్క వేస్తే కాపుకి నాలుగేళ్లయినా పడుతుంది. అప్పిచ్చినవాళ్లు అంతకాలం ఆగరు కదా. మరుసటి ఏడాది విమానం ఎక్కాను.

ఏజెంటు "కాఫీ కంపెనీ, ఏసీలో పని" అన్నాడు. కాఫీ కంపెనీ అన్నమాట నిజమే. ఏసీ మాత్రం ఆఫీసు గది వరకే. అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్, దాని వెనక కాఫీ గింజలు వేయించే మిషన్లు. అరవై కిలోల గోనెబస్తాలు దించడం నా పని. కాఫీ అంటే నాకు తెలిసింది రూపాయి పాకెట్ చింపి వేడిపాలలో కలపడమే. ఈ బస్తాల్లో పచ్చగా, రాయిలా ఉన్నది కాఫీయేనని నమ్మడానికే వారం పట్టింది.

రెండో నెలలో ఒకరోజు లారీ ఆలస్యమైంది. వేయించి చల్లార్చిన గింజలు ట్రేలో ఆరబోసి ఉన్నాయి. ఊరికే నిలబడ్డం అలవాటు లేదు నాకు. గోధుమరంగు గింజల మధ్య అక్కడక్కడ పాలిపోయినట్టు ఉన్నవి కనిపిస్తే, చెయ్యి దానంతటదే వెళ్లి ఏరడం మొదలుపెట్టింది. వెనక ఎవరో నిలబడ్డారని చాలాసేపటికిగానీ తెలియలేదు. గింజలు వేయించే మాస్టర్, ఇథియోపియా ఆయన. తిడతాడేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం నేను ఏరినవి అరచేతిలో పోసుకుని, ఒకటి నోట్లో వేసుకుని, నాకూ ఒకటి ఇచ్చాడు. నమిలితే పాతబడిన వేరుశనగ గింజలా ఉంది. చెట్టు మీద పండకముందే కోసిన కాయలోని గింజ అది. అందులో తీపి ఉండదు, అందుకే మిగతావాటిలా రంగు తిరగదు. నాలుగు గింజలు పడితే కప్పంతా పాడవుతుందని చెప్పి, "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు. ఫోన్‌లో పలాస ఫోటో చూపించాను.

మరుసటి నెల నుంచి బస్తాలు పోయి ట్రేలు వచ్చాయి. జీతం మూడొందల దిర్హమ్‌లు పెరిగింది.

తర్వాత నేర్చుకున్నదంతా ఆ మాస్టర్ దయే. గింజ వేడెక్కేటప్పుడు మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత రొట్టె కాలుతున్న వాసన. రెండొందల డిగ్రీల దగ్గర పటపటమని శబ్దం. వేయించడమంటే ఆ శబ్దం తర్వాత ఎంతసేపు ఉంచుతావన్నదే. ముందే దించితే పులుపు, పూలవాసన నిలుస్తాయి. ఎక్కువసేపు ఉంచితే చేదు పెరిగి గింజ నూనెతో మెరుస్తుంది, అప్పుడు ఏ దేశం గింజైనా ఒకేలా ఉంటుంది. అరబ్బులు గావా అనే తమ కాఫీ కోసం గింజని లేతగానే దించి, యాలకులు వేసి కాస్తారు. చూడ్డానికి కాఫీలా ఉండదు, బంగారు రంగు నీళ్లలా ఉంటుంది. చాలనుకుంటే ఆ బుల్లి కప్పుని అటూ ఇటూ ఊపాలి. అది తెలియక మొదటిసారి ఐదు కప్పులు తాగి రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఒకరోజు బస్తా మీద అరకు పేరు కనిపించింది. "ఇదెక్కడ?" అని మాస్టర్ అడిగితే "మా పక్కనే" అని గర్వంగా చెప్పాను. నేను అరకు ఎప్పుడూ వెళ్లలేదు. ఆ కాఫీ మొదటిసారి రుచి చూసింది దుబాయ్‌లోనే, చెంచాతో జుర్రుమని పీల్చి.

క్యాంపులో గదికి ఆరుగురం. స్టవ్‌ పెట్టనివ్వరు, కెటిల్ ఒక్కటే దిక్కు. అందుకని నాకు ముందు పట్టుబడింది ఫ్రెంచ్ ప్రెస్. రవ్వలా బరకగా ఆడించిన పొడి పదిహేను గ్రాములకి పావు లీటరుకి కాస్త తక్కువ నీళ్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పొయ్యాలి, నాలుగు నిమిషాలు ఉంచి జాలీ కిందికి నొక్కాలి. అంతే. గదిలో సోంపేట కుర్రాడు, క్రేన్‌కి బరువులు కట్టే రిగ్గర్, "ఇది కషాయంరా" అనేవాడు. నెల తిరిగేసరికి వాడి డ్యూటీ టైముకి నేను లేవకపోతే కెటిల్ వాడే ఆన్ చేసేవాడు.

ఇంట్లో మంచి కాఫీ తాగాలంటే ఏ మిషన్ కొనాలని ఊళ్లో వాళ్లు వాట్సాప్‌లో అడుగుతుంటారు. మిషన్ సంగతి తర్వాత. ముందు పాకెట్ తిప్పి, గింజ వేయించిన తేదీ ఉందో లేదో చూడండి. ఎక్స్‌పైరీ తేదీ కాదు, వేయించిన తేదీ. అది రాయలేదంటే దాచడానికి ఏదో ఉందనే నా అనుమానం. వేయించిన వారానికి గింజ కుదురుకుంటుంది, నెల దాటాక వాసన జారిపోతుంది. కొత్తగా వలిచిన జీడిపప్పుకీ, వానాకాలమంతా డబ్బాలో ఉండిపోయిన పప్పుకీ తేడా మా పలాస వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇదీ అంతే. పావు కిలో కంటే ఎక్కువ కొనొద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. పొడి కాకుండా గింజలే కొని, తాగే ముందు ఆడించుకుంటే మంచిది. మిక్సీలో ఆడిస్తే సగం పిండి, సగం నూకలు అవుతాయి. చేత్తో తిప్పే చిన్న గ్రైండర్ దొరుకుతుంది, నా సలహా అడిగితే డబ్బు దాని మీద పెట్టండి.

ఇక కాచే పద్ధతంటే, పాలు పోసుకునే ఇంటికి స్టీలు ఫిల్టర్‌ని మించింది నాకు కనబడలేదు. అరకు అరాబికా గింజలో ఇంకాస్త ఘాటైన రోబస్టా రకం కొంచెం కలిపితే పాలకి తట్టుకుంటుంది. పొడిలో కలిపే చికోరీ వేరు పొడి వద్దనుకుంటే కాఫీ పొడి ఇంకాస్త మెత్తగా ఉండాలి, లేకపోతే డికాషన్ గబగబా పలచగా దిగిపోతుంది. పాలు లేకుండా తాగేవాళ్లకి లేతగా వేయించిన గింజ, పేపర్ ఫిల్టర్.

మొన్న సంక్రాంతికి సెలవు దొరికింది. విశాఖలో జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో అరకు గింజలు కొని, గ్రైండరూ బుల్లి తరాజూ సంచిలో పెట్టుకుని ఇల్లు చేరాను. మొదటి రోజు కాఫీ పేలవంగా వచ్చింది. అదే గింజ, అదే చెయ్యి. ఎంత ఆలోచించినా తట్టలేదు. చివరికి చూస్తే నీళ్లు. మా ఉద్దానంలో నీళ్ల పేరెత్తితే కిడ్నీల భయం, అందుకని ఇంట్లో తాగేదీ వండేదీ అంతా ఆర్‌వో క్యాను నీళ్లే. లవణాలు చాలావరకు తీసేసిన ఆ నీళ్లలో కాఫీ రుచి తేలదు. మర్నాడు హిరమండలం నుంచి వస్తున్న వంశధార కుళాయి నీళ్లు కాచి పోశాను. కప్పులో ఏదో లైటు వేసినట్టయింది. అమ్మ మాత్రం రెండు రోజులూ "బాగున్నాదిరా" అనే అంది, రెండు రోజులూ మూడు చెంచాల పంచదార వేసుకుంది.

సాయంత్రం చిన్నాన్న వచ్చాడు. మూడేళ్లుగా డయాలసిస్. వారానికి రెండుసార్లు పలాస వెళ్లొస్తాడు. రోజుకి ఇన్ని నీళ్లని డాక్టరు లెక్క కట్టి ఇచ్చారు. చారు, మజ్జిగ, టీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పిన్ని పొద్దున్నే ఒక సీసా కొలిచి పెడుతుంది, రాత్రి దాకా అదే.

"ఏట్రా, కాఫీకి తరాజు కూడా తెచ్చినావా? బంగారం తూసినట్టు తూత్తన్నావు" అన్నాడు పక్కన కూర్చుని.

వారానికో చిన్న కప్పు తాగొచ్చని డాక్టరు అన్నారట, లెక్కలో కలుపుకుంటే. పాలు వెయ్యకుండా చిక్కగా డికాషన్ దించి, గావా కప్పులో పోసి ఇచ్చాను. అరవై మిల్లీలీటర్లు. ఆయన దాన్ని పావుగంట తాగాడు. ప్రతి గుక్కా నోట్లో ఉంచుకుని, వీధిలోకి చూస్తూ.

కప్పు ఖాళీ అవగానే పిన్ని దాన్ని తీసుకెళ్లింది. కడగడానికనుకున్నాను. సీసా మూత తీసి, అదే కప్పుతో ఒక కప్పు నీళ్లు కొలిచి, తులసికోటలో పోసి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

"ఇంకోటి పొయ్యనా?" అని అడగబోయి ఆగిపోయాను. చిన్నాన్న నా మొహం చూసి నవ్వాడు.

"తాగన్లేరా. ఆ డబ్బా ఇలాగ ఇయ్యి, వాసన సూత్తాను."

మూత తీసి ఇచ్చాను.